నలభయ్యో పుల్ల

పోయిన నెలలో ఒక మంగళవారం, ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుండగా ఫోను మోగింది. పంచర్ల మేస్త్రి కూతురు. "నాయన పోయినాడు సార్. పొద్దున టీ తాగి అట్లే గోడకు ఆనుకున్యాడు" అంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక మట్టి అని చెప్పి పెట్టేసింది. బోర్డు మీద సగం గీసిన త్రిభుజాన్ని పిల్లలకు వదిలేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఇలాంటప్పుడు ఎవరికైనా కన్నీళ్ళు వస్తాయి. నాకు కోపం వచ్చింది. పులివెందులలో ఈయన అన్న నిక్షేపంగా ఉన్నాడు, ఈయన పోయాడు, ఇదేం లెక్క అని.

చనిపోయినవారి గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. మేస్త్రి గురించి నా దగ్గరున్నవన్నీ మంచి మాటలే. ఆయన అన్న గురించి అలాంటివి లేవు, ఉన్నవే రాస్తాను. కక్ష మరిచిపోయే గుణం నాకు పుట్టుకతోనే లేదు. స్టాఫ్‌రూములో నన్ను ఎవరేమన్నారో, అన్నరోజు ఏ చొక్కా వేసుకున్నారో కూడా గుర్తుంటుంది. మేస్త్రిని, నన్ను కలిపింది సైకిలు అనుకుంటారు చూసినవాళ్ళు. అసలు కలిపింది ఈ గుణమే.

ప్రొద్దుటూరులో బంగారు కొట్ల సందడి దాటి బస్టాండు వైపు వస్తే, ఒక పాత గోడకు ఆనించి దించిన రేకు కింద ఉండేది ఆయన కొట్టు. నీళ్ళ తొట్టి, గాలిపంపు, చెక్కపెట్టె, కూర్చోవడానికి తిరగేసిన ప్లాస్టిక్ బుట్ట. ముప్పై ఏళ్ళుగా పంచర్లు వేయడం, గాలి కొట్టడం, చైను బిగించడం, అంతే. రింగు బెండు తీయమని ఎవరైనా వస్తే పక్క వీధిలో కొట్టు చూపించేవాడు. రింగుకు స్పోకు పుల్లలు వేసి చక్రం కట్టమంటే తల కూడా ఎత్తేవాడు కాదు. ఆయనకు ఆ పని రాదేమోనని నేనూ అనుకున్నాను.

నలభై తొమ్మిదో ఏట నాకు షుగరు వచ్చింది. నడవండి అన్నాడు డాక్టరు. నడక నాకు విసుగు. పాత ఇనుము కొట్టులో గోడకు చేరేసిన నల్ల సైకిలు ఒకటి చవకగా దొరికితే తెచ్చుకున్నాను. దాన్ని బాగు చేయించుకుని శని, ఆదివారాల్లో జమ్మలమడుగు, గండికోట, వీలైతే పులివెందుల దాకా పోయి రావాలని నా ఆశ. స్టాఫ్‌రూములో ఆ మాట చెప్పగానే ఒకాయన, వెనకాలే అంబులెన్సు కూడా మాట్లాడుకోమన్నాడు. ఆకుపచ్చ గళ్ళ చొక్కా.

సైకిలును నడిపించుకుంటూ మేస్త్రి దగ్గరికి తీసుకుపోతే, ఆయన దాన్ని తలకిందులు చేసి, కడ్డీని వేలితో కొట్టి చెవి ఆనించి విన్నాడు. హ్యాండిలు కింది అతుకును బొటనవేలితో తడిమాడు.

"ఈ ఊర్లో బంగారం చూసేవాళ్ళు శానామంది ఉండారు అయివారా. ఇనుము చూసేవాణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు. "ఫ్రేము మంచిది. మిగిలిందంతా పోయింది. ఆదివారం రా. ఊరికే సూస్తా కూచ్చుంటే చెయ్యను, నువ్వు గూడా చెయ్యల్ల."

అలా మొదలైంది. నాలుగు ఆదివారాలు ఆయన ఎదురుగా ఇంకో బుట్ట తిరగేసుకుని కూర్చున్నాను. కిరసనాయిలు డబ్బాలో చైను నానబెట్టడం, తుప్పును ఉప్పు కాగితంతో రుద్దడం, పెడళ్ళ ఇరుసు విప్పి గుండ్లు తుడిచి కొత్త గ్రీసులో అద్ది ఒక్కొక్కటే పేర్చడం నేర్పాడు. విప్పిన ప్రతి వస్తువూ విప్పిన వరుసలోనే గుడ్డ మీద పెట్టాలి. వరుస తప్పితే మాట్లాడకుండా అన్నీ కలిపేసి, మళ్ళీ నన్నే సర్దమనేవాడు. లెక్కల అయివారినని నాకున్న గీర అక్కడ కొంత వదిలింది.

ఆయనకు మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, వెనక చక్రాలు గుర్తుండేవి. ఎవరైనా సైకిలు మీద పోతుంటే తల వంచుకునే, పలానా ఆయన పోతున్నాడు, వారం నుంచి ఇరుసు కోను వదులుగా ఉంది, చెప్తే వినడు అనేవాడు. గాలి కొట్టేటప్పుడు మాట్లాడేవాడు కాదు. అరిగిన గుండ్లను పారేయకుండా ఊరగాయ జాడీలో దాచేవాడు. ఎందుకు మామా అంటే, "అవి శానా దూరం తిరిగినాయి, ఇంగ కూచ్చోనీ" అన్నాడు. టీ సాసరులో పోసుకుని, సగం నా వైపు జరిపేవాడు.

ఎత్తు ఎక్కేటప్పుడు సులువుగా ఉంటుందని వెనక పెద్ద పళ్ళ ఫ్రీవీలు వెతికి తెచ్చాడు. ఆయన కూతురు ఇంట్లో మిషను కుడుతుంది. క్యారియరుకు రెండు పక్కలా వేలాడే సంచులు మందపాటి గుడ్డతో కుట్టిచ్చింది. సీటు, బ్రేకు రబ్బర్లు, బెల్లు, నీళ్ళసీసా పెట్టుకునే తీగ చట్రం, అన్నీ కుదిరాయి. చివరికి మిగిలినవి చక్రాలు. రింగులు తుప్పు తిని రేకుల్లా లేస్తున్నాయి. కొత్త రింగులు, పుల్లలు కొని పక్క వీధిలో కట్టించుకొస్తానన్నాను.

ఆయన గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. "పులివెందులకు నిజంగా పోతావా, ఊరికే అంటాండావా?" అని అడిగాడు. నిజంగానే అన్నాను. అప్పుడు చెప్పాడు. ఆ ఆదివారం ఇక పని జరగలేదు.

వాళ్ళ నాయనది జమ్మలమడుగు బజారులో పేరున్న సైకిలు కొట్టు. ఆ కొట్టులో ఒక కట్టుబాటు ఉండేది. పుల్లలు బిగించే చాబీ అడిగినవాళ్ళందరికీ ఇచ్చేది కాదు. చెయ్యి కుదిరిందని నమ్మకం కలిగాక నాయనే పిలిచి ఇవ్వాలి. అది వచ్చినవాడే చక్రం కడతాడు. కట్టిన చక్రం రోడ్డు మీద కూలిందంటే, కట్టిన చేతికి జన్మలో మళ్ళీ చాబీ ఉండదు, కొడుకైనా సరే. అన్నదమ్ములిద్దరికీ చాబీ వచ్చింది. తమ్ముడికి కాస్త ముందే వచ్చింది.

ఒకరోజు వంకాయల బుట్టలు వేసుకుని పెన్న వంతెన వైపు దిగుతున్న ఒక కూరగాయలాయన సైకిలు వెనక చక్రం కూలింది. మనిషి పడ్డాడు. చెయ్యి విరిగి, అతుక్కున్నా వంకరగానే అతుక్కుంది. చక్రం కట్టింది ఎవరని బజారంతా కొట్టు ముందుకొచ్చి అడిగింది. కట్టింది అన్న. అది కట్టిన నాటి నుంచి కూలిన నాటి దాకా, ఆ మూడు రోజులూ తమ్ముడు తల్లిని తీసుకుని మైలవరంలో అత్త ఇంట్లో ఉన్నాడు. అన్న అందరి ముందూ, ఊరికి పోకముందు చిన్నోడే కట్టిపోయినాడు అన్నాడు. తమ్ముడు ఊరి నుంచి వచ్చి కొట్టు మెట్టు ఎక్కేసరికి నాయన చాబీ ఇచ్చెయ్యమని చెయ్యి చాపి ఉన్నాడు.

"నేను గాదు నాయనా అని ఒకసారి అన్యా. రెండోసారి అనలేదు" అన్నాడు మేస్త్రి. "నమ్మేవానికి ఒకసారి చాలు గదా."

చాబీ ఇచ్చేసి, మరునాడే ప్రొద్దుటూరు వచ్చేశాడు. తర్వాత నాయన పోయాడు. అన్న ఆ కొట్టు అమ్మి పులివెందులలో ఇంకా పెద్దది పెట్టాడు. తమ్ముడు ఇక్కడ రేకు కింద కూర్చుని ఒకటే అనుకున్నాడట. మళ్ళీ చక్రం కడితే అది అన్న కళ్ళ ముందు తిరగాలి. అందాకా ఇంకెవరికీ కట్టేది లేదు. ముప్పై ఏళ్ళు తన దగ్గరికి వచ్చిన ప్రతి చక్రాన్నీ పక్క వీధికి పంపింది అందుకు. పగ అంటే ఇంత పద్ధతిగా ఉండొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నావన్నీ చొక్కాల లెక్కలు.

ఆయన స్వయంగా పోడు. ఆ గడప తొక్కనని ఒట్టు. నేను పోవాలి.

మరుసటి వారం కొత్త చాబీ, కొత్త రింగులు, పుల్లలు కొనుక్కొచ్చి ఆయన ముందు పెట్టాను. ముందు చక్రానికి ముప్పై రెండు, వెనక దానికి నలభై. ముందుది మధ్యాహ్నానికి అయిపోయింది. వెనకది మూడు వారాలు పట్టింది. కట్టడం, తిప్పి చూడడం, తల అడ్డంగా ఊపి మొత్తం విప్పేయడం. నా కంటికి మొదటిసారే బాగుంది. రెండోసారి ఆ మాట పైకి అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. మూడోసారి కట్టాక ఒక్కో పుల్లనూ గోటితో మీటుతూ పోయాడు. కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"నలభై పుల్లలూ ఒకటే మాట మీద ఉండల్ల అయివారా. ఒకటి గట్టిగా మాట్లాడితే మిగతావి వంగుతాయి" అన్నాడు. అప్పుడు చెయ్యి తీశాడు. చక్రం తిరుగుతోందో ఆగిందో తెలియనంత నిలకడగా తిరిగింది.

ఒక రెండో శనివారం పొద్దున్నే బయలుదేరాను. ఆయన రెండు మాటలు చెప్పాడు. జమ్మలమడుగులో ఆ కూరగాయలాయన ఇంకా బండి పెడుతున్నాడు, ఆగి ఏమంటాడో విని పో, ఎదురు చెప్పొద్దు. పులివెందులలో అన్న కొట్టు దగ్గర గాలి ఒక్కటే కొట్టించు. ఎవరు కట్టారని అడిగితే చెప్పు, అడక్కపోతే నోరెత్తకుండా వచ్చేయ్.

జమ్మలమడుగు బజారులో ఆయన్ని పట్టుకోవడం కష్టం కాలేదు. ముసలాయన, వంగిన చేత్తోనే బెండకాయలు తూకం వేస్తున్నాడు. చెయ్యి ఏమైందని అడిగితే, అడగడమే ఆలస్యమన్నట్టు మొత్తం చెప్పాడు. చివరికి, "ఆ చిన్నోడు కట్టిన చక్రం. పని రానోనికి చాబీ ఇస్తే ఇట్లే అయితాది" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా అడిగినవాళ్ళందరికీ ఆ మాటే చెబుతున్నాడు. ఎదురు చెప్పొద్దన్న మాట గుర్తుంచుకుని, అర కిలో బెండకాయలు తీసుకుని సంచిలో వేసుకుని కదిలాను. ముద్దనూరు వైపు ఎత్తంతా ఆ కోపంతోనే తొక్కాను. పెద్ద పళ్ళ ఫ్రీవీలు అంతగా సాయం చేసిందని చెప్పలేను.

ఆ రాత్రికి పులివెందులలో ఒక లాడ్జిలో దిగి, ఆదివారం పొద్దున అన్న కొట్టుకు పోయాను. అద్దాల తలుపులు, లోపల గేర్ల సైకిళ్ళు వరుసగా. పెద్దాయన బయట కుర్చీలో ఉన్నాడు. తమ్ముడి ముక్కే, తమ్ముడి చెవులే. గాలి కొట్టమన్నాను. పనివాళ్ళు ఇంకా రాలేదని తనే లేచాడు. ముందు చక్రం అయిపోయింది. వెనక చక్రానికి వచ్చి, స్టాండు వేసి, అలవాటుగా చేత్తో ఒక్కసారి తిప్పాడు. పంపు కింద పెట్టాడు. వంగి, బొటనవేలి గోరు రింగుకు వెంట్రుకంత దూరంలో పెట్టి మళ్ళీ తిప్పాడు. మూడోసారి కూడా తిప్పాడు.

"యాడ కట్టించినారు సార్?" అన్నాడు.

"ప్రొద్దుటూరులో."

"ఎవరు?"

"మీ తమ్ముడు" అన్నాను. ఆ రెండు మాటలూ పలకడంలో ఎంత రుచి ఉందో దాచడం నా వల్ల కాదు. ఆయన పంపు మళ్ళీ అందుకున్నాడు. గాలి ఇంకా పట్టాలి, ఎదురుగా టీ తాగి రండి అన్నాడు. పోయి తాగాను. నా తప్పు అక్కడే జరిగింది.

తిరుగుదారిలో తొండూరు దాటాక వినబడింది. చక్రం తిరిగిన ప్రతిసారీ బ్రేకు రబ్బరుకు ఒకచోట తగిలి టిక్‌మంటోంది. ఏ గుంటలోనో నేనే పడేసి ఉంటానని ప్రొద్దుటూరు దాకా గుండె పట్టుకుని వచ్చాను. మూడు వారాల పనిని రెండు రోజుల్లో పాడు చేశానని ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు.

మేస్త్రి ఏమీ అడగకుండా సైకిలు తలకిందులు చేశాడు. పుల్లలు ఒక్కొక్కటీ మీటుతూ పోయి ఒకదాని దగ్గర ఆగాడు. మళ్ళీ మీటాడు. నాకు కూడా తేడా వినబడింది, అదొక్కటే మిగతావాటికన్నా గట్టిగా మాట్లాడుతోంది. సైకిలు యాడన్నా వదిలి పోయినావా అని అడిగాడు. టీ సంగతి చెప్పాను.

ఆయన నవ్వాడు. అంత పెద్దగా ఆయన నవ్వడం అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నవ్వుతూ గోడకు చేరగిలపడి, కళ్ళు తుడుచుకున్నాడు.

"వానికి బెండు దొరకలే. దొరక్క, వాడే పెట్టినాడు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ పోయి నాలుగు దులిపి వస్తానన్నాను. చాబీ తీసి, కనీసం దాన్ని సరిచెయ్యి మామా అన్నాను. వద్దన్నాడు. ముప్పై తొమ్మిది తనవి, నలభయ్యోది వాడిది, ఎవరు చూసినా తెలుస్తుంది, ఉండనీ అన్నాడు. బ్రేకు రబ్బరును కూడా జరపనివ్వలేదు. బండికేమీ కాదు, చప్పుడే గదా అన్నాడు.

ఆ తర్వాత మూడు నెలలు బతికాడు. చక్రాలు కట్టడం మొదలుపెట్టాడు. పక్క వీధివాళ్ళు కూడా తెచ్చిచ్చేవాళ్ళు. నాయన ముందుకన్నా రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడని కూతురు చెప్పింది. నేను ప్రతి ఆదివారం ఎటో ఒకవైపు పోయి, చీకటి పడకముందే ఆయన ముందు సైకిలు ఆపేవాణ్ణి. మొదట వెనక చక్రం తిప్పి ఆ చప్పుడు వినేవాడు, తర్వాతే నన్ను పలకరించేవాడు. మా ఇంట్లో నాకు అంత మర్యాద దొరకదు.

సంతోషంగా పోయాడని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆయన గెలిచిన సంగతి తెలిసింది ఆయనకు, నాకు, ఆ అన్నకు. జమ్మలమడుగు బజారులో ఆయన ఇప్పటికీ పని రాని చిన్నోడే.

మట్టి వేళకు సైకిలు మీదే పోయాను. పులివెందుల నుంచి అన్న వచ్చాడు. కబరస్తానులో అందరితో పాటు మూడు పిడికిళ్ళ మట్టి వేశాడు. ఒక్కో పిడికిలికీ నా పళ్ళు బిగుసుకున్నాయి. బయటికొచ్చి సైకిలు తాళం తీస్తుంటే వెనకే వచ్చి నిలబడ్డాడు. చూపు నా మీద లేదు, వెనక చక్రం మీద ఉంది.

"ఇంగా సరిచెయ్యలేదా వాడు?" అన్నాడు.

లేదన్నాను.

గేటు దగ్గర జనం ఇంకా ఉన్నారు. ఆయన గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు వంకాయలాయన చక్రం కట్టింది నేనే సార్. ఇదీ నేనే. ఇదొక్కటన్నా సరిచేసి పోతా. ఒక్క నిమిషం." జేబులోంచి చాబీ తీశాడు. డెబ్బై దాటిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చదివేవాళ్ళకు జాలి కలగొచ్చు. మీ ఇష్టం.

"నాకు చెప్తే ఏం లాభం పెద్దాయనా" అన్నాను. "వంకాయలాయన ఉన్నాడు, ఇప్పుడు బెండకాయలు అమ్ముతున్నాడు. క్యారియరు మీద కూర్చోండి. జమ్మలమడుగు బజారులో ఆ మాట ఇంతకన్నా గట్టిగా చెప్పండి. అక్కడే, అందరి ముందూ చక్రం మీ చేతికిస్తాను."

ఆయన క్యారియరు వైపు చూశాడు. చెయ్యి దాని మీద కూడా వేశాడు. నేను సీటెక్కి, ఒక కాలు నేల మీద ఆనించి ఆగాను. అటు నుంచి ఎవరో బంధువు పెద్దాయనా అని పిలిచారు. చెయ్యి తీసేశాడు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన చెప్పనిది నేను చెప్పాను. ఈ కాగితం జమ్మలమడుగు తీసుకుపోయి బెండకాయల బండి దగ్గర పైకి చదివే పని కూడా నాదే. మేస్త్రి ఉంటే వద్దనేవాడేమో. ఉండి వద్దంటే వినేవాణ్ణి.

ఆ రోజు పెడలు తొక్కి కదిలాను. టిక్, టిక్‌మంటూ గోడ పక్కనుంచి పోయి, మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. పిలిచిన బంధువు వైపు ఆయన పోలేదు. సైకిలు నిలిపిన చోటే గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెండు వేళ్ళ మధ్య చాబీ పట్టుకుని, ఎదురుగా ఏమీ లేనిచోట దాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పుతున్నాడు.